బెల్లం పెట్టె

20-1-68, శనివారం

జబ్బుకి పేరు దొరికింది. అయ్య కాలి మీద పాకం చిందిన పుండు మానకపోవడమే జబ్బని ఇన్నాళ్ళూ అనుకున్నాం. రెండు నెలలు పసుపు పెట్టాం, ఆకు పసరు పిండాం, అమ్మ దిష్టి కూడా తీసింది. ఇవాళ శ్రీకాకుళంలో డాక్టరు గారు పుండు సంగతి తరవాత అని ముందు మూత్రం పట్టించారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, దీపం మీద మరిగించారు. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చూస్తుండగానే ఇటుక రంగుకి తిరిగింది.

"చూశావా అమ్మా, ఇదంతా మీ నాన్న ఒంట్లో పంచదార. చక్కెర జబ్బు."

"బెల్లం వండీవోణ్ణి బాబూ నాను," అన్నాడు అయ్య. "పంచదార జబ్బు నాకెలగొస్తాది? బెల్లం జబ్బనండి, ఒప్పుకుంతాను."

డాక్టరు గారు నవ్వలేదు. తీపి ముట్టకూడదు. అన్నం మానాలి. గోధుమ రొట్టె, ఆకుకూర, పెసలు తినాలి. రోజూ పొద్దున్న ఇన్సులిన్ సూది వెయ్యాలి. పుండు మడమ దాటి పైకి పాకితే కాలు తీసెయ్యాలి. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. మా ఇంట్లో రాయగలిగేది నేనొక్కదాన్నే.

కాంపౌండరు ఉమాపతి గారు నాచేత నిమ్మకాయకి పదిసార్లు సూది గుచ్చించారు. గాజు సిరంజి మీద నలభై గీతలుంటాయి. అయ్యకి ఇరవై, సగం సిరంజి. మందు సీసా తడి ఇసక కుండలో పెట్టాలి. పరీక్షకి గొట్టమూ నీలం మందూ ఆయనే ఇచ్చారు.

బస్సులో అయ్య ఒక్కటే అడిగాడు. "కాలు తీసీసినాక పెనం కాడ నిలబడగలనా తల్లీ?"


21-1-68

ఇంట్లో ఎంత బెల్లం ఉందో ఇవాళ తెలిసింది. అటక మీద, పాలు కాగే దాలి పక్క కుండలో, అయ్య తలగడ కింద గుడ్డలో. అన్నీ కలిపి ఆరు చిన్న దిమ్మలు. చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నల్లతాడుకి కట్టి మెళ్ళో వేసుకున్నాను. పండగ అరిసెలు మిగిలినవి జోగయ్య మావ ఇంటికి పంపించేశాను.

"ఓలమ్మ! కన్నతండ్రి నోటికి తాళమేటే," అంది అమ్మ.

"ఊరుకోవే తవిటీ," అన్నాడు అయ్య. "మేష్టరమ్మ అనుకున్నాను గానీ జైలు జమాందారు పుట్టినాది మనింట."

పొద్దున్న సూది వేశాను. నిమ్మకాయకి గుచ్చినట్టే గుచ్చాను.


22-1-68

ఇటుక రంగు.

నేను కూడా బెల్లం మానేస్తున్నాను. ఈ పుస్తకం సాక్షి. అయ్యకి చెప్పలేదు. రాత్రిపూట అన్నం కూడా మానేస్తాను. ఆయన చేత మానిపించేదాన్ని నేను తింటూ ఎలా మానిపించను?

నాకు ఇది చిన్న సంగతి కాదు. అయ్య బెల్లం వండి తెచ్చిన కూలితో చదువుకున్నాను. నేను ప్రతి తరగతీ పాసైన రోజున పెనం అడుగు గీరి, ఆ వేడి ముద్ద ఆకులో చుట్టి తెచ్చేవాడు. ఎస్సెల్సీ పాసయినప్పుడు పెద్ద దిమ్మ నెత్తిన పెట్టుకొచ్చి వీధంతా పంచాడు. ట్రైనింగుకి విజయనగరం వెళ్ళినప్పుడు నా ట్రంకు పెట్టెలో బట్టల కన్నా బెల్లమే బరువు.


24-1-68

తలనొప్పి. మూడో రోజు. కణతల దగ్గర మేకు కొట్టినట్టు ఉంది. రెండో తరగతిలో ఎక్కం తప్పు చెప్పిన పిల్లని కొట్టాను. నేను పిల్లల్ని కొట్టను. నా అరచెయ్యి కూడా మండింది.

మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. అయినా నిండలేదు. ఆకలి కాదు అది. ఏదో ఒకటి రావలసి ఉంది, ఇంకా రాలేదు అన్నట్టు ఒళ్ళంతా ఎదురుచూస్తోంది.


25-1-68

ఇటుక రంగు. అయ్య తినలేదంటాడు.


27-1-68

పెట్టెలో ఎలక చప్పుడయింది. తీసి చూశాను. ఎలక లేదు. ఒక దిమ్మ అంచు విరిగి పడి ఉంది. వదిలేస్తే చీమలు పడతాయని ఆ ముక్క తీసేశాను.

తలనొప్పి తగ్గింది.


28-1-68

ఎలక.


30-1-68

అయ్య ఎత్తులు ఒకటి కాదు. నల్లబెల్లం చెయ్యదని ఎవరో చెప్పారంటాడు. నోరు చేదుగా ఉంది, నాలిక్కి రాసుకుని ఉమ్మేస్తానంటాడు. నిన్న పుండుకి పట్టు వెయ్యడానికి బెల్లమూ సున్నమూ కావాలన్నాడు. సున్నం తెచ్చి ఇచ్చాను. నవ్వేశాడు. నేనూ నవ్వాను. తరవాత ఆయన వీధరుగు మీద కూర్చుని పొలం కేసి చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం జోగయ్య మావ వచ్చాడు. అయ్యా ఆయనా ఒకే గానుగ దగ్గర ఇరవై ఏళ్ళు. ఈయన పెనం దగ్గర, ఆయన పొయ్యి దగ్గర. జోగయ్య మావ ఒకప్పుడు సారా తాగేవాడు. ఎలా మానాడో ఇవాళ అడిగాను.

"నాను మాననేదు తల్లీ. మీ అయ్య మానిపించినాడు. మంచానికి కట్టీసినాడు. మూడు రోజులు ఒకటే వణుకు. సెమట. మీ అయ్యని తిట్టని తిట్టు నేదు. సచ్చిపోతన్నానురా అప్పలసూరీ, ఒక్క సుక్క ఎయ్యరా అని ఏడిసినాను. ఎయ్యనేదు. ఎదురుగా కూకుని సుట్ట కాల్సుకున్నాడు. ఆ పొద్దు ఒక్క సుక్క ఏసుంటే నాను ఈపాటికి మట్టిలో ఉందును."

"సారా అంటే మత్తు మావా. బెల్లంలో మత్తుంటుందా?"

"మీ అయ్య మొకం సూసి సెప్పు, ఉన్నాదో నేదో."

చూశాను. అయ్య కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద గుండ్రంగా తిరుగుతోంది. పాకం ముదిరిందో లేదో చూడడానికి చన్నీళ్ళలో వేసి ఉండ చేస్తారు, అలాగ. ఒట్టి చెయ్యి. ఆయనకి తెలియదు.

రాసి పెట్టుకుంటున్నాను. వణుకు వస్తుంది. చెమట వస్తుంది. తిడతాడు. చచ్చిపోతున్నానంటాడు. ఇవ్వకూడదు.


3-2-68, శనివారం

డాక్టరు గారికి చూపించాం. పుండు అలాగే ఉంది, పైకి పాకలేదు. ధైర్యం చేసి అడిగాను: సారాయికీ నల్లమందుకీ ఒళ్ళు అలవాటు పడినట్టు తీపికి, అన్నానికి కూడా పడుతుందా?

"నల్లమందేమిటమ్మా! నాలుక చాపల్యం. నువ్వు గట్టిగా ఉండు, అంతే."

బయట ఉమాపతి గారు పట్టీ కడుతూ గొంతు తగ్గించారు. "ఆయన కాఫీలో కూడా పంచదార వేసుకోరు, ఆయనకేం తెలుసు. ఒకసారి నేను వారం రోజులు మానేశాను. ఆ వారం మా ఆవిడ పుట్టింట్లో ఉంది. నేనే వెళ్ళగొట్టానట, నాకు గుర్తు లేదు."

దారిలో అయ్య అన్నాడు, "నాలిక కాదు తల్లీ. నాలికైతే కోసి పారేద్దును. లోపల ఎవుడో కూకుని పిలస్తన్నాడు. పేరెట్టి పిలస్తన్నాడు."

ట్రైనింగులో చదివిన శరీర శాస్త్రం పుస్తకం తీసి చూశాను. అన్నమూ పంచదారా శరీరానికి శక్తినిస్తాయని ఉంది. పిలుస్తాయని లేదు.

నన్ను ఎవరూ పిలవడం లేదు. పదమూడు రోజులయింది.


5-2-68

రథసప్తమి. అమ్మ అరసవల్లి మొక్కుకుంది. సూర్యనారాయణమూర్తి కాలు కాపాడతాడని. పొద్దున్నే వెళ్ళాం. ఆరుబయట పిడకల మీద కొత్త బియ్యం, పాలు, బెల్లం వేసి వండి, చిక్కుడాకులో స్వామికి పెట్టింది. ఆ ఆకు అయ్య చేతిలో పెట్టి నా కేసి చూసింది. ప్రసాదం కాదనమంటావా అన్నట్టు.

అనలేకపోయాను. అయ్య కళ్ళు మూసుకుని తిన్నాడు. అంత మెల్లగా ఎవరైనా తినడం నేను చూడలేదు. ఆకు కూడా నాకాడు.

ప్రసాదం కనక నేనూ తిన్నాను. ప్రసాదం లెక్కలోకి రాదు.


6-2-68

ఇటుక రంగు.


7-2-68

పెట్టె తీశాను. చూసి వేసేశాను.


10-2-68, శనివారం

బడి ఒంటిపూట. గానుగ దగ్గరికి వెళ్ళాను. వద్దన్నా అయ్య పనిలోకి వెళుతూనే ఉన్నాడు. ఏటిగట్టు రైతులు ఈయన పెనం దగ్గర లేకపోతే చెరకు నరకరు. కాలికి గోనెగుడ్డ చుట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. పాకం పొంగి వచ్చే వేళ తెడ్డు అంచున కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యా!"

"రుచి సూడకపోతే ఎలగే? ఉప్పునేల సెరుకిది. సున్నం ఎంతెయ్యాలో నోటికి తెలవాల."

"ఉమ్మెయ్."

అందరూ చూస్తున్నారు. ఉమ్మాడు. ముఖం పక్కకి తిప్పుకుని ఉమ్మాడు, నాకు కనపడకుండా. తరవాత మూడు పెనాలకీ అలాగే చేశాడు. గొంతు కదలడం నేను చూడలేదనుకుంటున్నాడు.

జోగయ్య మావ చెరకుపిప్పి పొయ్యిలోకి తోస్తూ, "ఈ జమాందారు రేపు నిప్పుని కూడా కాలొద్దంతాది," అన్నాడు. నవ్వారు. అయ్య నవ్వలేదు.

నా మీద కోపం ఉంది అయ్యకి. ఉండనీ. కాలు ఉంటే చాలు.


13-2-68

ఇటుక రంగు. సూది వేస్తూనే ఉన్నాను. అయినా ఇటుక రంగు.


17-2-68, శనివారం

బడికి ఇన్స్పెక్టరు వచ్చారు. శ్రీకాకుళం అమ్మా అయ్యా వెళ్ళారు, నేను లేకుండా. పరీక్షలో ఎర్రగానే ఉంటోందని సూది పెంచారు. నలభై గీతలు. సిరంజి నిండా.

అయ్య రాగానే నులక మంచం మీద కూర్చుని, నన్ను పిలిచి, జాగ్రత్తగా పాఠం అప్పగించినట్టు చెప్పాడు.

"తల్లీ, కాంపౌండరు బాబు ఒక మాట సెప్పినాడు. సూది ఎక్కువైపోతే ఒళ్ళంతా సెమట పోస్తాదట. కాళ్ళూ సేతులూ వణుకుతాయట. అలగైతే బెల్లం ముక్క నోట్లో ఎట్టీయాలట. ఎంటనే ఎట్టాలట. మీ అమ్మాయికి సెప్పు మరిసిపోకు అన్నాడు."

చెమట. వణుకు. జోగయ్య మావ మాటలు ఉన్నవి ఉన్నట్టు.

అమ్మని అడిగాను. "నాను పుల్లకూరకని బజారుకెల్లాను. ఇననేదు," అంది.

చీటీ అడిగాను. ఇచ్చాడు. నలభై అని ఉంది. రోజుకొకసారి, ఉదయం అని ఉంది. బెల్లం అని ఎక్కడా లేదు. రెండువైపులా తిప్పి చూశాను.

"చీటీలో లేదయ్యా."

"సీటీలో నేదు. నోటితో సెప్పినాడు."

"జోగయ్య మావ కథ తిరగేసి నాకు చెప్తున్నావా?"

నా కేసి చూశాడు. కోపం కాదు. చీటీ నా చేతిలోంచి తీసుకుని, మడిచి తలగడ కింద పెట్టాడు.

"సదువుకున్నదానివి. నీకే తెలస్తాది," అని పడుకున్నాడు.

సున్నం ఎత్తు కన్నా ఇది మంచి ఎత్తు. రేపటి నించి ఇంకా జాగ్రత్తగా ఉండాలి.


19-2-68

పసుపు. ఇటుక రంగు కాదు, పసుపు!


21-2-68

మళ్ళీ ఇటుక రంగు. ఎక్కడ తింటున్నాడు? తాళంచెవి నిద్రలో కూడా నా మెళ్ళోనే ఉంది. పెట్టెలో రెండు దిమ్మలు తగ్గాయి. ఎలకలు.


24-2-68, శనివారం

దొరికింది.

బడి నించి తిన్నగా వచ్చాను. అమ్మ అన్నం వార్చిన గంజి చెంబు నిండా పోసి, ఉప్పు వేసి, అయ్యకి ఇస్తోంది. అయ్య గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. నన్ను చూసి చెంబు వెనక్కి పెట్టాడు, పిల్లాడిలాగ.

"ఎన్నాళ్ళ నించి?"

"మొదట్నించీ," అంది అమ్మ. "ఏటే అలగ సూస్తావు? అన్నం వద్దన్నాడు గానీ గంజి వద్దన్నాడేటి డాక్టరు? నీలే గదా. వార్చీసిన నీలు."

"పొద్దున్న కూడానా?"

"పొద్దు తరవాణి, నిన్నటి గంజి పులిసినది. మజ్జాన్నం గంజి. మాపు గంజి. ఆ ఎండురొట్టె గొంతు దిగద్దా?"

నాకు ఏడుపు వచ్చింది. మా బడికి గంజి పెట్టిన చీర కట్టుకు వెళతాను. గుడ్డని కర్రలా నిలబెట్టేది గంజి. అన్నంలో సారమంతా అందులోనే ఉంటుంది. బెల్లానికి తాళం వేసి కూర్చున్నాను నేను, ముప్ఫైఅయిదు రోజులు. చెంబులతో పోస్తోంది అమ్మ.

ఇల్లంతా వెతికాను. చూరు తాటాకుల్లో చిన్న గుడ్డమూట కూడా దొరికింది. గానుగ దగ్గర బెల్లం. ఇంకా మెత్తగా ఉంది.

కుండలో గంజీ తరవాణీ గేదెకి పోసేశాను. గుడ్డమూట పెట్టెలో పడేశాను. ఇక రొట్టె, ఆకుకూర తప్ప ఏమీ లేదు. అమ్మ చేత అరసవల్లి స్వామి మీద ఒట్టు వేయించాను.

"ఆకలికి మందేదే మరి?" అంది. ఖాళీ కుండ బోర్లించాను.

అయ్య నాతో మాట్లాడడం లేదు. సాయంత్రం రొట్టె కూడా తోసేశాడు.


25-2-68, ఆదివారం, ఉదయం

నీలం!

నీలం వచ్చింది. మరగకాచాను, చల్లారబెట్టాను, మళ్ళీ మరగకాచాను. డాక్టరు గారి సీసాలో ఎలా ఉంటుందో అలాగే, చుక్క కూడా మారలేదు. మొదటిసారి. గొట్టం పట్టుకుని వీధిలోకి వెళ్ళి వెలుగులో చూశాను. అయ్యకి చూపించాను. "నీ ఒంట్లో తీపి లేదయ్యా ఇవాళ!" అన్నాను. గోడ వైపు తిరిగాడు. పరవాలేదు.

అంటే నేను అనుకున్నదే నిజం. గంజీ బెల్లమూ రెండూ ఒకటే. ఒకటి కట్టేస్తే ఇంకొకటి పిలుస్తుంది. రెండూ కట్టేస్తే లొంగుతుంది.

సూది వేశాను. నలభై. సగం రొట్టె తిన్నాడు.


అదే రోజు, పదిన్నర

మొదలయింది. జోగయ్య మావ చెప్పినట్టే. ముందు చేతివేళ్ళు. తరవాత ఒళ్ళంతా. బనీను తడిసిపోయింది, పిండితే కారేటంత. బెల్లం బెల్లం అంటున్నాడు. "కాంపౌండరు బాబు సెప్పినాడు తల్లీ, నాను అబద్దం ఆడనేదు, సెప్పినాడు" అంటున్నాడు. నేను ఊరుకునేసరికి తిట్లు. అయ్య నోట నేను ఎప్పుడూ వినని తిట్లు.

అమ్మ నా కాళ్ళ మీద పడింది. "ఒక్క ముక్క ఎట్టవే. సచ్చిపోతాడే." జోగయ్య మావకి కబురంపాను.


మధ్యాహ్నం ఒంటిగంట

రాయకుండా ఉండలేను.

జోగయ్య మావ వచ్చి అయ్య రెండు చేతులూ పట్టుకుని కూర్చున్నాడు. "నాను తిట్టినదాని కన్నా తక్కువే తిట్టినావురా బావా. తిట్టు, ఇంకా తిట్టు," అన్నాడు. అయ్య ఆయన్ని గుర్తుపట్టలేదు. మాట ముద్దగా వచ్చింది, తాగినవాళ్ళకి వచ్చినట్టు. అది చూసి జోగయ్య మావ నాతో, "సూసినావా, మత్తు దిగుతున్నాది. మనసు రాయి సేసుకో తల్లీ. ఈ గంట దాటితే గట్టెక్కీసినట్టే," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

గట్టెక్కాం. పెనుగులాట తగ్గింది. నిద్రపోయాడు. నెల రోజుల్లో అయ్య ఇంత గట్టిగా నిద్రపోలేదు. గుర్రు వీధిలోకి వినిపిస్తోంది. లేపొద్దని అమ్మకి చెప్పాను.

నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. పెట్టె తీసి చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను. పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా. ఇది వేరు.

గెలిచాను అనుకుంటాను. గెలిచాం.


10-3-68

పుస్తకం ఇవాళ తీశాను.

సాయంత్రం నాలుగింటికి అమ్మ లేపబోతే లేవలేదు. చల్లగా ఉన్నాడు. బండి, బస్సు, శ్రీకాకుళం. నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. డాక్టరు గారు గడియారం చూసి, ఎప్పట్నించి ఇలా ఉన్నాడని అడిగారు. చెప్పాను. సూది మందుకి ఒంట్లో పంచదార బొత్తిగా పడిపోయింది, అన్ని గంటలు మెదడు ఆగదు అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండును.

చెమట, వణుకు, తిట్లు, ముద్ద మాట. అన్నీ వరసగా చెప్పాను, రాసి పెట్టుకున్నాను కనక.

మూడో రోజున కళ్ళు తెరిచాడు. కళ్ళు మాత్రమే.


12-3-68

ఇది కూడా రాయాలి.

ఆ మూడో రోజున ఉమాపతి గారు మంచం దగ్గరికి వచ్చారు. "అమ్మా, నేను మీ నాన్నకి చెప్పానే. చెమట పడితే, వణుకొస్తే వెంటనే బెల్లం ముక్క పెట్టమని. మీ అమ్మాయికి చెప్పు అని రెండుసార్లు చెప్పాను. చీటీ మీద రాయాల్సింది, రద్దీలో రాయలేదు. మీ నాన్న మీకు చెప్పలేదా?"

"చెప్పలేదండీ," అన్నాను.

ఆయన ముఖం తేలికపడింది. "పాపం, మరిచిపోయుంటాడు," అన్నారు.

అమ్మ అక్కడే ఉంది. అయ్య పాదాలు పట్టుకుని కూర్చుంది. నా కేసి ఒకసారి చూసి తల దించుకుంది.


16-3-68

ఇంటికి తీసుకొచ్చేశాం. ఇప్పుడు ఇన్సులిన్ పది గీతలే. మింగగలిగేది గంజి ఒక్కటే. డాక్టరు గారే పట్టమన్నారు. అమ్మ చెంచాతో పడుతుంది, రోజుకి నాలుగుసార్లు. సగం గడ్డం మీంచి కారిపోతుంది.


19-3-68

ఆకుపచ్చ.


23-3-68

బడికి వెళ్ళాను. పిల్లలు గొడవ చెయ్యలేదు. ఎవరో చెప్పి ఉంటారు.


28-3-68

పుండు అంచు కట్టింది. లోపల ఎర్రటి కొత్త మాంసం. వాసన లేదు. కాలు తీయనక్కర లేదన్నారు.

కాలు ఉంది.


6-4-68, శనివారం

ఈ ఏటికి ఆఖరి పెనం దింపేశారు. జోగయ్య మావ పెనం అడుగు గీరి, వేడి ముద్ద ఆకులో చుట్టి తెచ్చాడు. మా ఇంటి గుమ్మం ఎక్కడం ఆ ఆదివారం తరవాత ఇదే. పాకం వేరేవాడు చూశాడట. రంగు తక్కువ వచ్చింది, రెండు పెనాలు మాడిపోయాయి.

"తాయారూ, ఒక్కపాలి ఎట్టనీవే. కొంచెమే."

నేను తలూపాను. అయ్యని గోడకి ఆనించి కూర్చోబెట్టాం. జోగయ్య మావ చిటికెడు తీసి, ఊది, ఆయన పెదాల మధ్య పెట్టాడు. "బావా, పాకం సూడరా. సున్నం సరిపోనాదేటి?"

అయ్య నోరు మూసుకోలేదు. బెల్లం నాలుక మీద ఉంది. కరిగింది. కరిగినది పెదవి చివర నించి కారి చొక్కా మీద పడింది. ఆయన కళ్ళు ఎదురుగా గోడ మీద ఉన్నాయి. నాలుక కదలలేదు. గొంతు కదలలేదు. గానుగ దగ్గర నాకు కనపడకుండా మింగిన గొంతు అది.

కుడిచెయ్యి మాత్రం ఒడిలో తిరుగుతూనే ఉంది. బొటనవేలు చూపుడువేలి మీద, గుండ్రంగా.

జోగయ్య మావ ఆ చెయ్యి పట్టుకుని, "నాను సెప్పినానే తల్లీ నీకు. మనసు రాయి సేసుకోమని నానే సెప్పినానే," అని గట్టిగా ఏడిచాడు. నీ తప్పు కాదు మావా అనాలి నేను. అనలేదు. ఆయన ఆ తప్పులో కొంత మోసుకుపోతే నాకు తేలికని తోచింది. ఆకులో మిగిలిన ముద్ద అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

అమ్మ చీరచెంగుతో అయ్య గడ్డం తుడిచింది. "ఇంక మీ అయ్య బెల్లం అడగడు. తాళం తీసీయే," అంది.


7-4-68

పొద్దున్న తాళం తీశాను. అమ్మ వెనకే వచ్చి నిలబడింది. పెట్టె అడుగున పొడి, చీమలు, నేను చూరులోంచి తీసిన ఖాళీ గుడ్డ. ఆరు దిమ్మలకి ఒక్కటీ లేదు. నిన్నటి ఆకులో ముద్ద కూడా లేదు.

"ఎలకలా?" అంది అమ్మ.

తాళంచెవి నా మెళ్ళో ఉంది. ఇంట్లో ఎలకలు లేవని ఆవిడకీ తెలుసు. గంజి వార్చడానికి వెళ్ళిపోయింది.

నన్నూ పిలుస్తోంది. జనవరి నించీ పిలుస్తూనే ఉంది. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా. అయ్యకి వచ్చినదే నాకూ వచ్చింది. నేను దానికి ఎలక అని పేరు పెట్టి ప్రతిసారీ ఇచ్చాను. ఆయనకి నిజంగా కావలసిన ఒక్కసారి ఇవ్వలేదు. ఆ ఒక్కసారి ఆయన చేత అడిగించింది అది కాదు, సూది.

డాక్టరు గారు నాలుక అన్నారు. నేను ఒళ్ళు అన్నాను. నా మాటే నిజమై ఉండొచ్చు. అది నిజమని రుజువు చేసుకుంటూ ఉండగా గుర్రు వినిపించింది.

పైన పన్నెండో తేదీ కింద నేను ఆస్పత్రిలో చెప్పిన మాట ఉంది. దాన్ని కొట్టెయ్యను. కింద రాస్తున్నాను.

అయ్య చెప్పాడు. ఫిబ్రవరి పదిహేడున, నులక మంచం మీద కూర్చుని, జాగ్రత్తగా చెప్పాడు. ఇరవై అయిదున మళ్ళీ చెప్పాడు.

చీటీలో లేదని నేనన్నాను.